కొబ్బరినీళ్ళలో ఉప్పు

మా యార్డు గేటు మీద పేరు మళ్ళీ మార్చారు. యార్డు పెట్టాక ఇది నాలుగో పేరు. క్రేన్ బుట్టలో ఇద్దరు మనుషులు పైకెళ్ళి, పాత అక్షరాలు ఒక్కొక్కటే ఊడదీసి కిందికి దించుతుంటే మా బస్సు గేటు బయటే ఆగిపోయింది. బస్సులో ఏసీ అంతంత మాత్రం. అందరం చెమటలు తుడుచుకుంటూ కూర్చున్నాం. దిగుతున్నది ఏ పేరో, ఎక్కబోయేది ఏ పేరో ఒక్కడూ తలెత్తి చూడలేదు. జీతం వేసేవాడి పేరు జీతం రోజున తెలుస్తుంది, అంతకు ముందు తెలుసుకుని చేసేదేముంది.

ఆ సాయంత్రం ఫోన్లో మా అమ్మకు చెబితే, "దుబాయ్‌ల కంపెనీలు గిట్లనే మారుతయా బిడ్డా?" అంది. మా అమ్మ లెక్కలో నేను ఇన్నేళ్ళూ దుబాయ్‌లోనే ఉన్నాను. ఖతర్ అని సరిదిద్దే ఓపిక నాకు ఎప్పుడో పోయింది. మారుతాయమ్మా అన్నాను.

యార్డు దేశానికి ఉత్తర కొసన, అల్ రువైస్ వెళ్ళే దారిలో ఉంటుంది. సముద్రంలో గ్యాసు తీసే ప్లాట్‌ఫారాలకు సామాను మోసే ఓడలు మరమ్మతుకు మా దగ్గరికి వస్తాయి. వాటిని నీళ్ళలోంచి పైకి లాగి, ఒంటికి పట్టిన తుప్పునూ పాత రంగునూ ఇసుకలాంటి గ్రిట్‌తో కొట్టి రాల్చి, తెల్లగా మెరిసే ఉక్కు బయటపడ్డాక కొత్త రంగు వేస్తారు. గ్రిట్ కొట్టడాన్ని మేం బ్లాస్టింగ్ అంటాం. నేను ఆ పనిలోనే హెల్పర్‌గా చేరి, పరీక్షలు రాసి, ఇప్పుడు రంగు ఇన్స్పెక్టర్ని. అంటే రంగు పడే ముందు ఉక్కు శుభ్రంగా ఉందో లేదో చూసి, సరే అనడమో కాదనడమో నా పని. కాదంటే అందరూ తిడతారు, సరే అంటే ఎవడూ గుర్తు పెట్టుకోడు.

ఈ యార్డు మొదట్లో నార్వే వాళ్ళది. దాని సంగతంతా నాకు చెప్పింది మా యార్డు మేనేజరు. ఆయనా నార్వే మనిషే, మేం పెద్ద సాబ్ అనేవాళ్ళం. ఎర్రటి ముఖం, పొడుగు చేతులు, పాతికేళ్ళు గల్ఫ్‌లో ఉన్నా ఒక్క అరబీ మాట సరిగా పలకలేడు. హిందీ మాత్రం మా దగ్గర నేర్చుకుని మా కంటే కంగాళీగా మాట్లాడేవాడు. మధ్యాహ్నం ఎండలో బయట పని ఆపేసే నెలల్లో, రిపోర్టులు తీసుకుని ఆయన గదికి వెళితే టీ ఇప్పించేవాడు. టీ అయ్యేదాకా ఆయన చెప్పేది వినాలి. నేను మొదట్లో ఏసీ కోసం విన్నాను. తరవాత కథ కోసమే విన్నాను.

రెండు కొండల మధ్యకు సముద్రం చొచ్చుకొచ్చిన సన్నటి పాయ ఒడ్డున, చేపల పడవలు చేసే ఒక వడ్రంగి ఆ కంపెనీకి మూలపురుషుడట. చలికాలం నెలల తరబడి కొండ నీడ దాటి ఎండ ఆ ఒడ్డుకు రాదట. ఆ చీకట్లోనే దీపాలు పెట్టుకుని చెక్క చెక్కేవాళ్ళట. ఆ వడ్రంగి దగ్గర కూలికి కుదిరిన వాళ్ళలో మా పెద్ద సాబ్ తాత ఒకడు. తరవాత వడ్రంగి కొడుకులు చెక్క మానేసి ఉక్కు పట్టారు. పాయ ఒడ్డున ఊరు మొలిచింది. పొద్దున యార్డు కూత కూస్తే ఊరు లేచేది, సాయంత్రం కూస్తే ఊరు అన్నానికి కూర్చునేది. యుద్ధంలో శత్రువులు ఊళ్ళోకి వచ్చినప్పుడు వాళ్ళ ఓడలకూ ఇదే యార్డు మాట్లు వేసింది. ఆ సంగతి ఇంట్లో ఎవరూ ఎత్తేవాళ్ళు కాదట.

ఆ తరవాత ఒక ఏడు చేపలు రావడం మానేశాయి. పడవలు కొనేవాడు లేడు. పెద్ద పెద్ద నూనె ఓడలు కట్టారు, కొన్నాళ్ళకు వాటినీ కొనేవాడు లేకుండా పోయాడు. యార్డు మూతపడుతుందనుకుంటున్న వేళ వాళ్ళ సముద్రంలోనే నూనె దొరికింది. దాంతో కంపెనీకి మళ్ళీ ప్రాణం వచ్చింది. ప్లాట్‌ఫారాల కాళ్ళు, వాటికి సామాను మోసే ఓడలు, పైపులు, క్రేన్లు, ఏది అడిగితే అది చేశారు. వడ్రంగి మనవడు పాయ ఒడ్డు వదిలి రాజధానికి పోయి, సముద్రం కనబడని వీధిలో ఆఫీసు పెట్టాడు. పక్క ఊళ్ళ యార్డులన్నీ కొన్నాడు. అన్నిటినీ కలిపి వాటి నెత్తిన ఇంకో కంపెనీని కూర్చోబెట్టాడు. ఆ పైకంపెనీ చేసే పనేమిటి సాబ్ అని అడిగాను నేను.

"ఏమీ చేయదు. కింది కంపెనీలు దాని సొంతం. అంతే."

"మా ఊళ్ళో దొర కూడా అంతే సాబ్."

సాబ్ నవ్వాడు, అర్థమైందో లేదో మరి. తరవాతి కథ చకచకా నడిచింది. అక్కడి కూలీ ఖరీదైపోయిందని ఓడల ఒళ్ళు వేరే దేశాల్లో చౌకగా చేయించి, లాక్కొచ్చి, తమ ఊళ్ళో బొట్టు పెట్టినట్టు చివరి పని మాత్రం చేయించారు. గ్యాసు కోసం ఖతర్ వచ్చారు, ఇక్కడి ఒక కుటుంబంతో కలిసి మా యార్డు పెట్టారు. గేటు మీద మొదటి పేరు ఆ వడ్రంగి ఇంటిపేరే. తరవాత నూనె ధర పడింది. అప్పులున్న ముక్కను ఒకవైపు, లాభమున్న ముక్కను ఒకవైపు కోసి కంపెనీని రెండు చేశారు. మా ముక్క ఎటు పడిందో చెప్పక్కర్లేదు. రెండో పేరు వచ్చింది. ఆ ముక్కను నిన్నటిదాకా పోటీకి నిలబడ్డ ఇంకో కంపెనీలో కలిపారు, మూడో పేరు వచ్చింది. అమ్మబోతే అడవి, కొనబోతే కొరివి అన్నట్టు కొన్నాళ్ళు నడిపి, చివరికి మొత్తం తెచ్చి డబ్బు సంచులు తప్ప ఓడ మొహం ఎరగని ఎవరికో కట్టబెట్టారు. అదే ఈ నాలుగో పేరు.

పాయ ఒడ్డున మొదటి యార్డు ఏమైంది సాబ్ అన్నాను. సగం ఫ్లాట్లు, సగం మ్యూజియం అన్నాడు. తాత పనిచేసిన బల్ల ఆ మ్యూజియంలో తాడు కట్టి అవతల పెట్టారట. ఒకసారి సెలవుకు వెళ్ళినప్పుడు టికెట్ కొనుక్కుని లోపలికి పోయి చూసొచ్చానని చెప్పాడు. తాతది అని చెప్తే టికెట్ లేకుండా పోనిచ్చేవాళ్ళు గదా అన్నాను. అడగబుద్ధి కాలేదన్నాడు.

ఇక మా కాక సంగతి. వరసకు బాబాయి, మా పక్క ఊరాయన. నాకు ఈ యార్డులో వీసా ఇప్పించింది, బ్లాస్టింగ్ గన్ను పట్టడం నేర్పింది, మొదటి వారం వేడికి కళ్ళు తిరిగి పడిపోతే మేం ఉండే క్యాంప్ దాకా భుజాన మోసుకుపోయింది ఆయనే. రంగు గ్యాంగుకు ఫోర్‌మన్. గేటు మీద మొదటి పేరున్నప్పటి నుంచీ ఉన్నవాళ్ళలో మిగిలింది ఆయన, పెద్ద సాబ్, ఇద్దరే. నోరు గట్టిది. నేను ఇన్స్పెక్టర్‌నయ్యాక కూడా పదిమందిలో "ఏందిరా, జెర జల్ది చూడు, మీటరు పట్టుకొని పెండ్లిచూపులు చూస్తున్నవా" అని అరిచేవాడు. అందరూ నవ్వేవాళ్ళు, నేనూ నవ్వేవాణ్ణి.

కాకకు ఒక ఆచారం ఉంది. ఏ ఓడకైనా మొదటి చేయి రంగు పడే ముందు కొబ్బరికాయ కొట్టాలి. మా వైపు కొత్త బండి కొన్నా, బావికి మోటరు బిగించినా కొట్టకుండా మొదలుపెట్టం. మొదట్లో ఎవరూ చూడకుండా కొట్టేవాడట. ఒకసారి పెద్ద సాబ్ కంటపడింది. మా వాళ్ళు బిక్కచచ్చిపోతే, సాబ్ కొబ్బరిముక్క అడిగి తీసుకుని నములుతూ, తమ దేశంలో ఓడకు తెరచాప స్తంభం నిలబెట్టేటప్పుడు అడుగున నాణెం పెడతారని చెప్పాడట. అప్పటి నుంచి ఓడ ముక్కుకు ఎదురుగా, కాంక్రీటు నేల మీద కొట్టడం బాహాటమైంది. అబూ హమూర్ హోల్‌సేల్ మార్కెట్లో కాయలు దొరికేవి. తెచ్చేది అల్ ఘర్రాఫాలో ఒక ఇంట్లో డ్రైవరు పనిచేసే కడప మనిషి. శుక్రవారం వస్తూ, "కాయ బాగుండాదో లేదో ఊపి చూసుకోన్నా, కుళ్ళిందని మళ్ళా నన్ను తిట్టబాక" అని కాక చేతిలో పెట్టిపోయేవాడు. ముక్కలు అందరికీ పంచేవాళ్ళం. బంగ్లాదేశ్ వాడూ తినేవాడు, ఫిలిప్పీన్ వాడూ తినేవాడు.

యార్డు అమ్మకం ఖాయమయ్యాక అందరిలోనూ ఒకటే గుబులు, కొత్త కంపెనీ ఎవరిని ఉంచుకుంటుంది, ఎవరిని ఇంటికి పంపుతుంది అని. నన్ను ఉంచుకుంటామన్నారు. పెద్ద సాబ్‌కు ముందే చెప్పేశారు, అప్పుడు యార్డుకొచ్చిన ఓడతో ఆయన పని సరి. కాక విషయం మాత్రం తేలలేదు. వయసు మీద పడింది, వాళ్ళకు కుర్రాళ్ళు కావాలి. పెద్ద సాబ్ వాళ్ళతో వాదించి ఒక ఒప్పందానికి తెచ్చాడు. ఇప్పుడు చేతిలో ఉన్న ఓడ కాక చేతి మీద ఒక్క తప్పు లేకుండా పూర్తయితే ఫోర్‌మన్‌గా ఉంచుకుంటారు. లేకపోతే ఇంటికి టికెట్.

పోతే పోయావులే కాక, ఇన్నేళ్ళు చేసింది చాలదా అని నేను అన్నాను. ఆ మాటకు ఆయనకు కోపం వచ్చింది.

"నీకేంరా, నీకు పెండ్లాం పిల్లలున్నరు. మీ చిన్నమ్మ సచ్చిపోయి రెండేండ్లాయె. నేనీడ ఉండంగనే పోయింది. ఆ ఇంటికి పోయి ఎవల మొకం జూడాలె? బిడ్డ దగ్గరికి పోతె అల్లుని ఇంట్ల ఎన్ని దినాలుంటా? ఈడ రూములనన్న ఆరుగురున్నరు. పొద్దున లేస్తె ఒగడన్న చాయ్ తాగుతవా అని అడుగుతడు."

ఇక నేను ఆ మాట ఎత్తలేదు. ఆయనకు కావలసింది డబ్బు కాదు, పొద్దున అడిగే మనిషి.

ఓడను పైకి లాగాం. కొత్త కంపెనీ తన మనిషిని ముందే పంపింది, కొల్లం వైపు మలయాళీ. మర్యాదస్తుడు, నెమ్మదిగా మాట్లాడతాడు. ఏదీ వదిలిపెట్టడు. వచ్చిన మొదటి రోజే మీటింగ్ పెట్టి, డాక్ మీద తిండి కూడదు, పొగ కూడదు, పూజలు గీజలు కూడదు, నేల మీద ఏ చెత్తా కనబడకూడదని చెప్పాడు. కాక నా పక్కనే నిలబడి విన్నాడు. అప్పుడే నాకు అనుమానం రావలసింది. కాక నోరు మెదపకుండా ఉన్నాడంటే లోపల ఏదో వండుతున్నాడని అర్థం.

బ్లాస్టింగ్ బాగా జరిగింది. అడుగు భాగం పెళ్ళి గిన్నెలా తెల్లగా తేలింది. అంత తెల్లటి ఉక్కు మా గాలిలో ఎంతోసేపు నిలవదు, సముద్రపు తేమ తగిలితే ఎర్రబారిపోతుంది. అందుకే చుట్టూ టెంటు కట్టి, తేమ లాగే మిషన్లు పెట్టి, పొద్దున్నే రంగు పెట్టాలని నిర్ణయించుకున్నాం. అంతకు ముందు నేను ఉప్పు పరీక్ష చేయాలి. ఉక్కు మీద ప్లాస్టర్ బిళ్ళ అంటించి, దాని కిందికి సిరంజితో శుద్ధమైన నీళ్ళు ఎక్కించి, మళ్ళీ బయటికి లాగి మీటర్లో పోస్తే ఉప్పు ఎంతుందో చెబుతుంది. ఉప్పు మీద రంగు వేస్తే ఆర్నెల్లలో బొబ్బలు లేస్తుంది. మేం నడిసముద్రంలో ఓడ తుప్పుపట్టడానికి భయపడం, ఈ బొబ్బలకే భయపడతాం.

పొద్దున మలయాళీ నా పక్కనే ఉన్నాడు. మొదటి రెండు చోట్ల సరిగ్గా వచ్చింది. మూడోది ముక్కు దగ్గర, ఓడ అడుగున వెన్నెముకలా సాగే వెన్నుబద్ద పక్కన పెట్టాను. మీటరు గబగబా ఎక్కిపోయింది. సిరంజి మార్చి మళ్ళీ చేశాను, ఇంకా ఎక్కువ వచ్చింది. టార్చి పెట్టి చూశాను. వెన్నుబద్ద కింద ఒక పెద్ద మరక, దుప్పటి పరిచినంత, సన్నటి ఎర్ర పొడి పట్టి ఉంది. మధ్యలో ఇంత పసుపు బొట్టు.

తిరిగి చూస్తే కాక టెంటు తలుపు దగ్గర నిలబడి ఉన్నాడు. ఆయనకు నా మొకం చూడగానే తెలిసిపోయింది.

"ఏం జేసినవ్ కాక?"

"ఏం జెయ్యలేదురా. పొద్దుగూకంగ కాయ గొట్టిన. కిందేస్తె వాడు జూస్తడని బక్కెట్ కింద పెట్టి, గా బద్దకేసి కొట్టిన. చిప్పలన్ని బక్కెట్ల పడ్డయి. కొంచెం నీళ్ళు పక్కన ఉక్కుకు తగిలినయి. తడిగుడ్డతోని మంచిగ తుడిసిన."

"తడిగుడ్డతోనా!"

"మంచినీళ్ళేరా. నల్లా తిప్పి పట్టిన నీళ్ళు."

ఆ తుడవడమే కొంప ముంచింది. చారెడు చోట పడ్డదాన్ని దుప్పటంత చేసింది. ముప్ఫై ఏళ్ళు ఉక్కుకు నీటిచుక్క తగలనివ్వని మనిషి, రంగు గ్యాంగు కుర్రాడెవడన్నా చెమట చెయ్యి ఆనిస్తే చెయ్యి విరగ్గొడతానని తిట్టే మనిషి, తన చేతులతో తానే. నాకు ఒళ్ళు మండిపోయింది.

"కొబ్బరినీళ్ళల్ల ఉప్పుంటది కాక. నీకెర్క లేదా?"

కాక నా వైపు అమాయకంగా చూశాడు. ఆ చూపు నేను అంతకు ముందు ఆయనలో చూడలేదు.

"కొబ్బరినీళ్ళల్ల ఉప్పెక్కడుంటదిరా? తియ్యగుంటయి. దేవునికి కొట్టిన నీళ్ళు. వాటికంటె సాఫ్ నీళ్ళు ఏముంటయిరా లోకంల?"

సముద్రపు నీళ్ళు, చెమట, వేలిముద్ర, నాలుక్కి ఉప్పగా తగిలే ప్రతిదాని నుంచీ ఉక్కును కాపాడాడు. ఈ నీళ్ళు కూడా ఉప్పుల జాబితాలో పడతాయని ఆయనకు కల్లో కూడా తట్టలేదు. మా ఊళ్ళో ఎవరిని అడిగినా ఇదే అంటారు. మా అమ్మ అయితే నన్నే తిట్టేది.

మలయాళీకి మా తెలుగు అర్థం కాలేదు గానీ బక్కెట్లో కొబ్బరిచిప్పలు అర్థమయ్యాయి. ఆయన వాటిని చూసి, "మా ఇంట్లోనూ కొడతాం. కొడతాం గానీ ఉక్కు మీద కాదు" అన్నాడు మెల్లగా. తిట్టి ఉంటే బాగుండేది. మేమూ తిట్టేవాళ్ళం, లెక్క సరిపోయేది.

పెద్ద సాబ్‌ను పిలిచారు. ఆయన వచ్చి టార్చి తీసుకుని మరకను చూశాడు, బక్కెట్లోకి చూశాడు, కాక వైపు చూశాడు. తరవాత మలయాళీతో, ఈ ఆచారం ఈ యార్డులో తన అనుమతితో నడుస్తున్నదే, తప్పేదన్నా ఉంటే తన పేరున రాసుకోమన్నాడు. మలయాళీ గౌరవంగా విన్నాడు. విని, "సార్, మీ పేరున రాసి ఏం లాభం? మీరు నెలాఖరుకు ఉండరు" అన్నాడు. అందులో అబద్ధం లేదు, పొగరూ లేదు. వడ్రంగి ఇంటిపేరున్న రోజుల్లో ఈ సాబ్ ఒక మాటంటే యార్డంతా కదిలేది. ఇవాళ తప్పు తన మీద వేసుకుంటానన్నా తీసుకునేవాడు లేడు. నాకు కాక మీద కోపం అక్కడితో పోయింది. పెద్ద సాబ్‌ను చూస్తే జాలేసింది, అందరి మీదా విసుగేసింది.

ముక్కు భాగమంతా కడిగి, ఆరబెట్టి, మళ్ళీ బ్లాస్టింగ్ చేశాం. గన్ను ఎవరికీ ఇవ్వలేదు కాక, తనే పట్టాడు. ఆ వయసులో ఆ బరువు టోపీ పెట్టుకుని, గొట్టం భుజాన వేసుకుని మధ్యాహ్నం దాకా కొట్టాడు. నేను మళ్ళీ పరీక్ష చేశాను, సరిగ్గా వచ్చింది. రంగు పడింది. ఓడ అనుకున్నదానికి ఒక రోజు ఆలస్యంగా నీళ్ళలోకి దిగింది. రంగులో ఒక్క లోపం లేదని మలయాళీయే సంతకం పెట్టాడు. కానీ ఒప్పందం రంగు గురించి కాదు కదా, ఒక్క తప్పు లేకుండా అన్నది గదా మాట. చేతులు కాలాక ఆకులు పట్టుకుని ఏం లాభం.

ఆ వారమంతా మా రూములో ఎవరూ టీవీ పెట్టలేదు. శుక్రవారం కాకను తీసుకుని అల్ రువైస్ పోయాను. రేవులో చెక్క పడవలు వరసగా కట్టేసి ఉన్నాయి, జాలర్లు వలలు సర్దుకుంటున్నారు. కాక ఒక పడవ పక్కన ఆగి, వేలి గోటితో దాని రంగు గీకి చూసి, "ప్రైమర్ కొట్టలే లంగగాళ్ళు" అన్నాడు.

తరవాత పెద్ద సాబ్ మా ఇద్దరినీ తన గదికి పిలిచాడు. గోడల మీద ఫొటోలన్నీ తీసేసి డబ్బాల్లో సర్దేసి ఉన్నాయి. టీ ఇప్పించాడు. దోహాలో కొత్త వాళ్ళతో మాట్లాడి వచ్చానన్నాడు. ఫోర్‌మన్‌గా ఉంచుకోరు, దానికి వేరే మనిషి వస్తున్నాడు. కానీ పంపించెయ్యరు కూడా. హెల్పర్‌గా ఉంటానంటే ఒక ఏడాదికి ఉంచుకుంటారు. గ్రిట్ ఊడవడం, ఎత్తిపోయడం. ఆ మాట చెబుతూ సాబ్ కిటికీలోంచి బయటికి చూస్తున్నాడు. ఇంతకంటే నా వల్ల కాలేదు అన్నాడు.

నేను వద్దనబోతున్నాను. ముప్ఫై ఏళ్ళు పనిచేసిన మనిషి చేత చీపురు పట్టిస్తారా అని నోటిదాకా వచ్చింది. నేను నోరు తెరిచేలోపే కాక, "షుక్రన్ సాబ్, బహుత్ షుక్రన్" అని ఆయన చెయ్యి రెండు చేతులతో పట్టుకున్నాడు.

బయటికి వచ్చాక ఆగలేకపోయాను.

"మర్యాదగ ఇంటికి పోరాదు కాక? నీ చేతి కింద పనిజేసిన పోరగాండ్ల ముందట ఊడుస్తవా?"

"మర్యాద ఎవలకు జూపెట్టాలెరా? తాళమేసిన ఇంటికా?" అన్నాడు. కోపంగా కూడా అనలేదు. నడుస్తూనే, "పొయ్యి డ్యూటీ జేస్కో" అని నన్ను తోలేశాడు.

పెద్ద సాబ్ నెలాఖరున వెళ్ళిపోయాడు. వెళ్ళేముందు అందరితో చేతులు కలిపాడు. పాయ ఒడ్డుకేనా సాబ్ అని అడిగితే, అక్కడి ఫ్లాట్లు తను కొనలేనని, ఇంకెక్కడో చెల్లెలి దగ్గర ఉంటానని చెప్పాడు.

కొత్త పేరు కింద మొదటి ఓడ వచ్చింది. పొద్దున టెంటులోకి పోతుంటే రంగు గ్యాంగంతా నిలబడి ఉంది, కొత్త ఫోర్‌మన్ ఏదో చెబుతున్నాడు. కాక ఒక మూల పార పట్టుకుని గ్రిట్ ఎత్తుతున్నాడు. ఇప్పుడు అరుస్తాడు, మీటరు గురించో పెళ్ళిచూపుల గురించో ఏదో ఒకటి అంటాడు, గ్యాంగంతా నవ్వుతుంది, అంతా తేలికైపోతుంది అనుకుంటూ దగ్గరికి వెళ్ళాను. నిజానికి ఆ తిట్టు కోసమే అటువైపు నుంచి వెళ్ళాను.

కాక పార పక్కకు పెట్టాడు. నాకు దారి ఇస్తూ రెండడుగులు వెనక్కి జరిగి గోడకు ఆనుకుని నిలబడ్డాడు.

"జెర సూస్కొని నడువుండ్రి సార్. కింద గ్రిట్ ఉన్నది."

ఎగతాళికి అన్నాడేమోనని మొకంలోకి చూశాను. కాదు. కొత్త ఫోర్‌మన్ చూస్తున్నాడని, తనకు దొరికిన ఏడాది ఎక్కడ పోతుందోనని అన్నాడు. నాకు ఏడుపొచ్చింది. సరే అని తల ఊపి, ఆయన ముందు నుంచి నడిచి వెళ్ళి పరీక్ష మొదలుపెట్టాను.